మా నాన్న మెయిన్ ఆపేసిన సౌరగాలి

సూర్యుడి నుంచి దూసుకొచ్చే ప్లాస్మాలో షాక్ అనే అల ఎలా పుడుతుందో కంప్యూటర్‌లో సృష్టించి చూడటం నా పరిశోధన. మూడు వారాలుగా ఆ అల పుట్టనే లేదు. ఈ సాయంత్రం కలకత్తా పక్కన సంత్రాగాఛిలోని మా రైల్వే క్వార్టర్లో తెర మీద అది కనబడగానే "షాక్ వచ్చింది!" అని ఒక్క కేక పెట్టాను. రైల్వేలో కరెంటు పని చేసే నాన్న పరుగెత్తి మెయిన్ ఆపేసి, ఎండు కర్రతో నా చేతి మీద ఒక్కటిచ్చాడు.

"ఏటే, ఎక్కడ కొట్టినాది?"

"అంతరిక్షంలో నాన్నా."

"అక్కడి తీగలు నువ్వెందుకు ముట్టినావే?"

తెరతో పాటు మూడు వారాల లెక్కలూ ఆరిపోయాయి. మళ్ళీ మొదలుపెట్టాను. ఈసారి వస్తే ఏమని అరవాలో మీరే చెప్పండి. నాన్న కర్ర పట్టుకుని నా కుర్చీ పక్కనే కూర్చున్నాడు.