షట్టరు మీద సముద్రం

దర్జీకి చిన్ననాటి స్నేహితుడొకడు ఉన్నాడు. వీధిలో అందరూ ఆయన్ని మహానుభావుడంటారు. అది పొగడ్తే అనుకుని ఆయనా ఆ పేరుకే పలుకుతాడు. వృత్తి బొమ్మలు వెయ్యడం. జీతం మాత్రం భార్యకొస్తుంది.

ఒకనాడు దర్జీ నోరు జారాడు. "మా కొట్టు షట్టరు మీద ఓ చొక్కా బొమ్మ వేసిపెట్టరా" అన్నాడు. మహానుభావుడు చొక్కాల్లాంటి చిల్లర విషయాల జోలికి పోతాడా? సముద్రం వేశాడు. అందులో పడవ. పడవలో ఓ మనిషి, ఒంటి మీద చొక్కా లేకుండా!

"బట్టలు కుట్టే కొట్టు మీద ఈ దిసమొలవాడేంట్రా?" అని దర్జీ లబోదిబోమన్నాడు.

"నీ దగ్గర చొక్కా కుట్టించుకోడానికే వస్తున్నాడు. ఆ మాత్రం ఊహించుకోలేవూ?"

నిజం చెప్పొద్దూ, బొమ్మ బ్రహ్మాండంగా ఉంది. ఆ నీళ్ల దగ్గర నిలబడితే పంచె కాస్త పైకెత్తుకోవాలనిపిస్తుంది. చిక్కల్లా ఒక్కటే. పొద్దున్నే కొట్టు తెరవగానే సముద్రం మొత్తం గరగరమంటూ పైకి చుట్టుకుపోతుంది. రాత్రి దించాక చూసి ఆనందించేది వీధికుక్కలు. ఇంత చిన్న సంగతి ఆయన బుర్రకి తట్టడానికి నెల్లాళ్లు పట్టింది. మరి మహానుభావుడు కదా!

అప్పట్నుంచీ మిట్టమధ్యాహ్నం బేరాల వేళ ఊడిపడేవాడు. "ఒరే, ఎవరో పెద్దమనిషి ఇటే వస్తున్నాడు, కాసేపు దించరా!"

"దించితే నా పొట్ట ఎండుతుందిరా బాబూ" అనేవాడు దర్జీ.

ఇంతలో మహానుభావుడి భార్య తెగేసి చెప్పింది. ఒకటో తారీఖులోగా బొమ్మ కావాలని ఒక్కడైనా అడగాలి, లేదా తన అన్నయ్య సిమెంటు కొట్లో గల్లాపెట్టె ముందు కూర్చోవాలి. ఆ కబురు విన్నాక ఆయన మొహం చూడలేక, దర్జీ రెండుసార్లు తనే షట్టరు దించి బయట నిలబడ్డాడు. ఎవరూ ఆగలేదు.

నెలాఖరు రోజు మందుల కొట్టాయన అటు రావడం చూసి మహానుభావుడు పరుగెత్తుకొచ్చాడు. లోపల ఎవరున్నారో కూడా చూడకుండా షట్టరు ధడాలున లాగేశాడు. లోపలున్నది దర్జీ, జాకెట్టు కొలతలివ్వడానికొచ్చిన పంతులమ్మ.

"ఏమిటండీ ఇది, నన్నూ కలిపి కుట్టేస్తారా?" అందావిడ చీకట్లో.

"రెండు నిమిషాలమ్మా. బయట కళ జరుగుతోంది."

దర్జీ షట్టరుకి చెవి ఆనించాడు. "అబ్బ, ఏం సముద్రమండీ! మా కొట్టు షట్టరుకీ ఇలాంటిదే కావాలి. నిండుగా వెయ్యాలి. రేపే మొదలెట్టండి" అంటున్నాడు మందుల కొట్టాయన. మహానుభావుడు "సరే" అని ఒక్క మాటతో సరిపెట్టాడు. పుట్టి బుద్ధెరిగాక అదే మొదటిసారి.

పంతులమ్మ దగ్గరికొచ్చి గుసగుసగా అంది. "అదేమిటండీ, వాళ్ల కొట్టు రాత్రీ పగలూ తెరిచే ఉంటుందిగా? ఆ షట్టరు కిందికి దిగిన పాపాన పోయిందా ఎప్పుడైనా?"

దర్జీ గబుక్కున చేతులు జోడించాడు.

"తల్లీ, మీ జాకెట్టు ఊరికే కుట్టిపెడతాను. గట్టిగా అనకండి. తెల్లారితే ఒకటో తారీఖు."