బరువు చూసి కొన్న పలకలు

మా ఆయన ఏ వస్తువునైనా ముందు ఎత్తి చూస్తారు. పెళ్లిచూపుల నాడు కాఫీ ఇస్తే తాగడం మానేసి, ఆ ఇత్తడి గ్లాసుని అరచేతిలో ఆడించి బరువు చూశారు. గ్లాసు నచ్చే నన్ను చేసుకున్నారని మా అప్ప ఏళ్ల తరబడి ఏడిపించింది. అప్పంటే మా అక్క. మా వైపు అలాగే పిలుస్తాం.

ఆయన ఉద్యోగమంతా స్టీల్ ప్లాంటు రోలింగ్ మిల్లులోనే గడిచింది. టౌన్‌షిప్‌లో అందరిదీ అదే వరస. ఎవరు కుక్కరు కొన్నా, బీరువా కొన్నా పక్క క్వార్టర్ వాళ్లొచ్చి ఎత్తి చూసి, వేలి కణుపుతో టకటకా కొట్టి, "గట్టి సరుకే బావా" అంటేనే అది కొన్నట్టు. ఆ అలవాటు నాకూ అంటుకుంది. తేలిగ్గా ఉన్న వస్తువు చూస్తే ఎందుకో మోసంలాగే అనిపించేది.

రిటైరయ్యాక క్వార్టర్ ఖాళీ చెయ్యాలి కదా. తగరపువలస దాటాక ఒక లేఅవుట్‌లో స్థలం కొని చిన్న ఇల్లు కట్టుకున్నాం. కరెంటు స్తంభాలు వచ్చే నెలలోనే అని స్థలం అమ్మినవాడు ప్రమాణం చేశాడు. ఇల్లు లేచింది, పాలు పొంగించాం, స్తంభం మాత్రం రాలేదు. తర్వాత వాడు ఫోనే ఎత్తలేదు. వాడి నోట్లో మన్ను పడ! ఇక సోలారే గతి అనుకున్నాం.

మా ఇద్దరికీ అయితే రెండు లైట్లు, ఒక ఫ్యాను చాలు. కానీ ఆ ఇంటికి అప్ప రావాలి. బావగారు పోయాక అది ఎలమంచిలిలో ఒక గదిలో ఒంటరిగా ఉంటోంది. పిల్లలు లేరు. సుగరు ముదిరి ఇన్సులిన్ దాకా వచ్చింది. ఆ మందు ఇంటావిడ ఫ్రిజ్‌లో పెట్టుకుని, కావాల్సినప్పుడల్లా వెళ్లి తలుపు కొట్టాలి. ఆవిడ చెడ్డది కాదు గానీ, రోజూ ఒకరి గుమ్మంలో నిలబడాలంటే ఎవరికైనా చిన్నతనమే.

"నీ ఇంట్లో ఫ్రిజ్ ఆడితే సెప్పవే. ఆ రోజే వచ్చీస్తాను," అంది అప్ప.

చేతిలో ఉన్నదంతా ఇంటికే అయిపోయింది కాబట్టి చవకలో చూసుకోవాలి. వన్‌టౌన్‌లో ఒక సాయిబు గారి సోలార్ షాపుకి అప్పతో కలిసి ముగ్గురం వెళ్లాం. అక్కడ రెండు రకాల పలకలున్నాయి. కొత్తవి నల్లగా, పల్చగా, మా ఆయన ఒంటి చేత్తో ఎత్తేసేంత తేలిగ్గా ఉన్నాయి. పాతవి నీలంగా, మందపాటి అద్దంతో, లావుపాటి ఫ్రేముతో ఉన్నాయి. ధర సగం. మా ఆయన ఒక పాతదాన్ని రెండు చేతులా ఎత్తి, దించి, కణుపుతో ఫ్రేము మీద కొట్టారు. ఆయన మొహం వెలిగిపోయింది.

"ఇదీ సరుకంటే! తుఫానొచ్చినా కదల్దు. ఆ నల్లయ్యేటి, అప్పడాల్లాగున్నాయి."

సాయిబు గారు తల అడ్డంగా ఊపారు. "ఇవి ఎక్కడో వాడి దించేసినవి సార్. బరువులో కరెంటు ఉండదు. బయట ఎండలో పెట్టి మీటరుతో చూపిస్తాను, చూసుకుని తీసుకోండి. ఎంతసేపు, ఐదు నిమిషాలు."

"ఎండలో ఎట్టడానికి ఇయ్యేటి సేపలా?" అన్నారు మా ఆయన.

అప్ప పకపకా నవ్వింది. నేనూ నవ్వాను. నవ్వుతూనే ఒక పలక అంచు పట్టుకుని ఎత్తబోయి, ఎత్తలేక, "అమ్మో, గట్టివేనండీ!" అన్నాను. ఇంకేముంది, బేరం కుదిరిపోయింది. సాయిబు గారు మీటరు పక్కన పెట్టి బిల్లు రాసేశారు.

ఎండాకాలంలో అంతా బాగానే నడిచింది. అప్ప ట్రంకు పెట్టె పట్టుకుని దిగింది. ఫ్రిజ్‌లో మధ్య అర దానికే ఇచ్చేశాను. "ఒలే, ఇంక ఎవుల మొగమూ సూడక్కర్లేదే. నా మందు నానే తీసుకుంతాను," అని చిన్నపిల్లలా మురిసిపోయింది. మధ్యాహ్నం చల్లటి మజ్జిగ అదే తీసి ఇచ్చేది. పనున్నా లేకపోయినా ఫ్రిజ్ తలుపు తీసి కాసేపు ఆ చల్లదనానికి నిలబడేది. "ఊరికే తియ్యకే, బేటరీ తాగేస్తాది!" అని నేను అరిచేదాన్ని.

తర్వాత ముసురు పట్టింది. సాయంత్రమయ్యేసరికి ఫ్రిజ్ ఆగిపోయేది. మా ఆయన వాన తెరిపిచ్చినప్పుడల్లా డాబా ఎక్కి పలకలు తుడిచేవారు. అద్దం అద్దంలా మెరిసేది, ఫ్రిజ్ మాత్రం ఆడేది కాదు. మెకానిక్‌ని పిలిపిస్తే, ఈ పలకల్లో సత్తువ సగమే మిగిలిందనీ, ఎండలు మండబట్టి ఇన్నాళ్లూ లాగాయనీ చెప్పాడు. కొత్తవి కొనడానికి వెంటనే మా దగ్గరేముంది?

అప్ప మందుసీసాలు తడిగుడ్డలో చుట్టి మట్టికుండలో పెట్టుకుంది. "ఫ్రిజ్‌లు నేని రోజుల్లో మనుసులు బతకనేదేటి?" అని మా ఆయనకి వినపడేలా గట్టిగా అంది. ఆయన బాధపడకూడదని. కానీ మందు పాడయింది. సుగరు పెరిగిపోయి, ఒక పొద్దున్న పెరట్లో అంట్లు తోముతూ కళ్లు తిరిగి పడిపోయింది. మందు చల్లగా ఉండాల్సిందేనని డాక్టరు చెప్పాక ఇంక ఉండమని అడిగే మొహం నాకు లేకపోయింది.

"మబ్బు ఇడిపోగానే వచ్చీస్తాను. మరిది బాబునేటీ అనకే," అని ట్రంకు పెట్టె సర్దుకుని ఎలమంచిలి వెళ్లిపోయింది.

అనకుండా ఉంటానా? బస్సు కదిలిందో లేదో మొదలుపెట్టాను. "మీ బరువూ మీరూ! నెత్తిన పెట్టుకుని ఊరేగండి!" అని నోటికొచ్చినట్టు తిట్టాను. ఆయన ఇంటికి రాగానే గుడ్డ పట్టుకుని డాబా ఎక్కేశారు. నేను కూడా అప్పుడు ఎత్తి చూసి మెచ్చుకున్నదాన్నే కదా అని ఆయనైనా అని ఉంటే నా కోపం చల్లారేది.

చలి మొదలయ్యే వేళకి ఎలాగో కూడబెట్టి మళ్లీ అదే షాపుకి వెళ్లాం. మా ఆయన ఈసారి దేన్నీ ఎత్తలేదు. సాయిబు గారితో పాటు రోడ్డు మీద ఎండలో నిలబడి, మీటరు చూసి ఆ నల్ల పలకలే తెచ్చారు. బిగించిన మర్నాడు పొద్దున్న లేచి చూస్తే ఫ్రిజ్ ఆడుతోంది. నీళ్ల సీసాకి చెమటలు పట్టి ఉన్నాయి. అప్పకి ఫోన్ చేశాను.

"నిజంగానా? రాత్రంతా ఆడిందేటి?" అని రెండుసార్లు అడిగింది. "బట్టలుతుక్కుని శుక్రవారం వత్తాను. మజ్జిగ సల్లగా ఎట్టు."

గురువారం ఇంటావిడ ఫోన్ చేసింది. ఉతికిన బట్టలు మడతపెడుతూ, కూర్చున్నచోటే ఒరిగిపోయిందట.

కార్యక్రమాలయ్యాక గది ఖాళీ చెయ్యడానికి వెళితే, ఇంటావిడ ఏడుస్తూ తన ఫ్రిజ్‌లోంచి ఇన్సులిన్ పెట్టె తీసి ఇచ్చింది. "ఇంకెందుకండీ అది," అన్నాను నేను. మా ఆయన వినిపించుకోలేదు. తడిగుడ్డ చుట్టి, బస్సులో దారి పొడుగునా ఒళ్లోనే పెట్టుకున్నారు.

ఇంటికి రాగానే ఫ్రిజ్ తలుపు తీశారు. పెట్టెని మధ్య అరలో పెట్టబోతూ, అలవాటు కొద్దీ అరచేతిలో ఒకసారి ఆడించారు.

"బొత్తిగా బరువు నేదే," అన్నారు.

దాన్ని లోపల పెట్టి, తలుపు తీసే ఉంచి, ఆ ఫ్రిజ్ ముందే నేల మీద కూలబడి ఏడ్చారు. తలుపు వెయ్యమని నేను అనలేదు.