చీనీకాయల గజమాల

మా ఊరు పులివెందుల పక్క. చీనీ, అంటే బత్తాయి తోటలే మా బతుకు. ఆ ఏడు కాయ విరగకాసింది, ధర పడిపోయింది. పులివెందుల మార్కెట్‌కు తోలితే లారీ బాడుగ కూడా రాదని జనం కాయలను చెట్ల కిందే వదిలేశారు. కుళ్ళిన వాసన మా ఇంటిదాకా వచ్చేది.

సరిగ్గా అప్పుడే ఎన్నికలు వచ్చాయి. నాయకుడు వస్తున్నాడంటే క్రేన్‌తో గజమాల వేయాల్సిందే, అది మా వైపు మర్యాద. క్రేన్‌ను జమ్మలమడుగు నుంచి మాట్లాడారు. ప్రొద్దుటూరులో పూల ధర విని పెద్దమనుషులు నోరెళ్ళబెట్టారు.

"పూలెందుకప్పా, చీనీకాయలు ఊరికే పడుండాయి కదా!" అన్నాడొకాయన.

"మింగ మెతుకు లేదు గానీ మీసాలకు సంపెంగ నూనె" అని మా అమ్మ గొణిగింది.

కాయలు మా నాయనే ఇచ్చాడు. ఏరి, తుడిచి మరీ ఇచ్చాడు. దండ వేశాక నాయకుడిని ఒక్క మాట అడగాలని ఆయన ఆశ. గవర్నమెంటు కాయ కొంటుందంటే తోట ఉంచుతాడు, లేదంటే కొట్టేస్తాడు. మా తాత కాలం నుంచి మా ఇంటి ఓట్లన్నీ ఆ నాయకుడి పార్టీకే. అడిగే హక్కు ఉందనుకున్నాడు, పిచ్చి నాయన.

దండ పైకి లేచింది. నాయకుడు మైకు అందుకున్నాడు.

"ఏం కాసినాయప్పా కాయలు! మా రైతులు ఇంత సల్లగా ఉండారంటే నాకు శానా సంతోషం."

జనం చప్పట్లు కొట్టారు, అలవాటు కదా. నాయన నోరు తెరిచేలోపే బండి కదిలిపోయింది. నాకు ఒళ్ళు మండిపోయింది.

ఇంటికొచ్చి నాయన నాతో అన్నది ఒకటే: "ఇన్యావా మ్మే? మనం సల్లగా ఉండామంట."

పోలింగ్ నాడు ఊళ్ళో ఎవరూ గట్టిగా మాట్లాడలేదు. ఓట్లు లెక్కపెడితే మా పోలింగ్ బూత్‌లో ఆ పార్టీ మొదటిసారి ఓడింది. టీవీల్లో కులమన్నారు, గాలన్నారు. చీనీకాయ మాట ఒక్కరూ ఎత్తలేదు.

కొన్నాళ్ళకు, గెలిచిన అవతలి పార్టీ ఆయన ఊరూరా తిరుగుతూ మా ఊరికీ వస్తానన్నాడు. ఆయన మనుషులు ముందుగా మా ఇంటికి వచ్చారు.

"మామా, పోయినసారి కాయల దండ అదిరిపోయిందంట. మాగ్గూడా కాయలియ్యి."

నాయన గోడకు ఆనించి పేర్చిన కట్టెల కుప్ప చూపించాడు.

"ఆ చెట్లు ఇవేనప్పా. ఈతూరి పూలే కొనుక్కోండి."