నార్మన్ రాజుల చరిత్రకు ఊఁ కొట్టినవారు

పోయిన ఏడాది నవంబరు పదకొండు, మంగళవారం, ఉదయం పదీ ఇరవై. ఇది మొదలైన సమయం. దయ్యాలున్నాయని నేను ఏనాడూ ఒప్పుకోలేదు. ముప్పై ఏళ్ళు కాలేజీలో చరిత్ర చెప్పినదాన్ని. ఆధారం లేని మాట పరీక్ష పేపర్లో కనబడితే మార్కులు కోసేసేదాన్ని. అందుకే జరిగింది జరిగినట్టు చెబుతాను.

దోహాలో, అల్ ముంతజాలో, మా అమ్మాయి వసుధ ఫ్లాట్‌లో ఉంటున్నాను. అమ్మాయి, అల్లుడు రవి ఆరున్నరకి డ్యూటీలకు వెళ్ళిపోతారు. మళ్ళీ తలుపు చప్పుడయ్యేది సాయంత్రమే. ఈలోపు నాకున్న పని ఒకటే. తొమ్మిది వందల ఏళ్ళ కిందట ఒక క్రైస్తవ మఠంలో సన్యాసి రాసిపెట్టిన నార్మన్ రాజుల చరిత్రను ఇంగ్లీషు నుంచి తెలుగు చెయ్యడం.

మావారు ఉండగా మొదలుపెట్టాను. నేను పేరా చదివితే ఆయన పడక్కుర్చీలో కళ్ళు మూసుకుని ఊఁ కొట్టేవారు. ఊఁ రాలేదంటే వాక్యం కుదరలేదని అర్థం. తిరగరాసేదాన్ని. ఆయన పోయాక ఏ వాక్యం నిలబడిందో చెప్పేవారు లేక పని ఆగిపోయింది. ఇంతలో కుడికన్ను పోయింది. ఎడమకన్ను వేసవిదాకా ఉంటే ఎక్కువని డాక్టరు అన్నాడు. ఆలోపు పుస్తకం పూర్తికావాలి. చేత్తో రాయలేక, తెలుగు చేసుకుంటూ పైకి చదివి, ఫోన్‌లో రికార్డు చేసి, రాజమండ్రిలో టైపు చేసే పద్మకు పంపడం మొదలుపెట్టాను.

ఆ మంగళవారం రికార్డు చేసింది విని పద్మ ఫోన్ చేసింది.

"అమ్మగారూ, ఆ ఊఁలు కూడా టైపు చెయ్యాలాండి?"

"ఏ ఊఁలు?"

"మీ పక్కన ఎవరో కొడుతున్నారు కదండీ, మగాయన. ఎంత శ్రద్ధగా వింటున్నారో! మా ఆయన ఒక్కరోజు అలా వింటే బాగుణ్ణు."

విన్నాను. ఉంది. మావారిది కాదు. ఆయన ఊఁ ముక్కులోంచి వచ్చేది, నాకు తెలియనిది కాదు. ఇది చిన్నవయసు గొంతు, బెరుగ్గా ఉంది.

చదువుతున్నప్పుడు నాకేమీ వినబడేది కాదు. తర్వాత వింటేనే ఉండేది. ఏసీ ఆపి, కిటికీలు వేసి, తలుపు గడియ పెట్టి చూశాను. ఉంది. వార్తలు చదివి రికార్డు చేశాను. లేదు. సన్యాసి చరిత్రకు మాత్రమే వచ్చేది. ప్రతిధ్వని అయితే నా మాటే తిరిగి రావాలి. ఇది వాక్యం ముగిశాకే పడేది. కుదరని వాక్యానికి పడేది కాదు, మార్చి చదివితే పడేది. రాజుల పెళ్ళిళ్ళకీ కోటలకీ ఏదో మర్యాదకి కొట్టినట్టుండేది. ఇంగ్లండును గెలిచిన రాజు అక్కడి ఉత్తరాది పల్లెలు తగలబెట్టిస్తే జనం ఆకలికి చచ్చారు. అంతవరకూ ఆయన్ని పొగిడిన సన్యాసి, దీన్ని మాత్రం మెచ్చుకోలేనని రాశాడు. అక్కడ ఊఁ వెంటవెంటనే రెండుసార్లు వచ్చింది.

నాకు భయం వెయ్యలేదు. పొద్దున్నే వాళ్ళిద్దరూ ఎప్పుడు బయల్దేరతారా అని చూసేదాన్ని. ఆ చలికాలమంతా ఎన్నడూ లేనంత పని సాగింది.

ఫిబ్రవరిలో సన్యాసి తన సంగతి చెప్పుకున్న చోటికి వచ్చాను. పదేళ్ళ వయసులో తండ్రి ఆయన్ని సముద్రం దాటించి పరాయి దేశపు మఠానికి పంపేశాడు. పంపేటప్పుడు తండ్రి ఏడ్చాడు, పిల్లవాడూ ఏడ్చాడు. అక్కడి భాష ఒక్క ముక్క రాదు. అక్కడికి కన్ను అలిసి ఆపేశాను.

తర్వాత విన్నాను. ఊఁ లేదు. చాలాసేపు ఏమీ లేదు. ఆఖర్న ఒక మాట.

"నాయినను మల్ల సూశిండా?"

సాయంత్రం రవికి వినిపించాను. అతను కట్టడాల కంపెనీలో ఇంజనీరు. ఒకటికి రెండుసార్లు విన్నాడు.

"అత్తయ్యగారూ, ఇది మా సైటులో కుర్రాళ్ళ మాట. జగిత్యాల, నిర్మల్ వైపు. పగలు ఎవరైనా వచ్చారా?"

ఎవరూ రాలేదు. మేం గోదావరి వాళ్ళం, మా ఇంట్లో ఎవరూ అలా మాట్లాడరు.

"ఈ బిల్డింగ్ కట్టినప్పుడు ఎవరైనా..." అంది వసుధ.

"ఆధారం ఉందా?" అన్నాను.

తరువాతి వాక్యం ఏమిటో నాకు తెలుసు. మళ్ళీ తండ్రిని చూడలేదని సన్యాసే రాసుకున్నాడు. అది చెబితే వసుధ నా చెయ్యి పట్టుకుంది.

"ఆ ఒక్కటీ వదిలేసి చదువమ్మా. ఎవరికి తెలుస్తుంది?"

"మూలంలో ఉన్నది వదలడానికి నేనెవర్నే?"

మర్నాడు ఉన్నది ఉన్నట్టు చదివాను. ఆ రికార్డింగ్‌లో నా గొంతొక్కటే ఉంది. ఆ తర్వాత వాటిలోనూ అంతే. వారం చూసి పద్మ అడిగింది.

"ఆయన ఊరెళ్ళిపోయారాండి?"

ఆ మాట ఉన్న రికార్డింగ్ నా ఫోన్‌లో ఉంది, అడిగినవారికి వినిపిస్తాను. మార్చి నెలంతా చదివాను కానీ ఏ వాక్యం నిలబడిందో నాకు తెలియలేదు. ఇది కూడా నేను చెబుతుంటే పద్మే టైపు చేసింది.

పోయినవి: రెండు కళ్ళ చూపు. తెలుగు కాకుండా మిగిలిన ఆఖరి రెండు భాగాలు. ఊఁ కొట్టేవారు, ఇద్దరు.