సముద్రం వైపు తిరిగి ఏడ్చిన రోజు

సీరియల్లో నటించడానికి పిలిచినప్పుడు మాకు పెళ్ళి సీను అని చెప్పారు. అందుకని మా తోడికోడలూ నేనూ పట్టుచీరలు కట్టుకుని, తలలో మల్లెపూలు తురుముకుని, పొద్దున్నే అవనిగడ్డ బస్టాండు దగ్గర నిలబడ్డాం. మా డ్వాక్రా గ్రూపు లీడరు పోగేసిన ఆడవాళ్ళం వ్యాను నిండా ఉన్నాం. నాకు ఇలాంటి సరదాలు పడవు. మినుము తీతలు అయిపోయి పొలంలో పని లేదు, ఇంట్లో తోడికోడలి పోరు పడలేక బయల్దేరాను. ఆవిడకు ఆ సీరియల్ హీరోయిన్‌ను దగ్గర్నుంచి చూడాలని ఎన్నాళ్ళ నుంచో కోరిక. సాయంత్రం ఆ పిల్ల కష్టాలు మొదలయ్యాయంటే మా ఇంట్లో అన్నం వడ్డించే దిక్కుండదు.

పెళ్ళి కాబట్టి వ్యాను మోపిదేవి గుడి వైపు వెళ్తుందనుకున్నాం. అటు తిరగలేదు. చేపల చెరువులు దాటి, సరుగుడు తోటలు దాటి, తారు రోడ్డు ఇసుకలో కలిసిపోయే చోటికి వెళ్ళి ఆగింది. కృష్ణ పాయ ఒకటి అక్కడ సముద్రంలో కలుస్తుంది. ఆ పక్కనే చేపల వేట మీద బతికేవాళ్ళ పాలెం. దాని పేరు చెప్పను. ఆ రోజును వాళ్ళకు గుర్తు చేసేవాళ్ళు ఇప్పటికే చాలామంది ఉన్నారు.

మేం దిగీ దిగగానే ప్రొడక్షన్ మేనేజరు ఎదురొచ్చాడు. మనిషి మర్యాదస్థుడే, ప్రతి మాటకూ "అండీ" అంటాడు.

"సీను మారిందండీ. పెళ్ళి రేపటికి వెళ్ళింది. ఇవాళ హీరోయిన్ భర్త పడవ మునిగిపోయే సీను తీస్తున్నాం. మీరంతా ఆ ఊరి ఆడవాళ్ళన్నమాట. ఒడ్డున కూర్చుని ఏడవాలండీ."

"పట్టుచీరల్లోనా?" అన్నాను.

వెలిసిపోయిన నేతచీరల మూట ఒకటి తెచ్చి మా ముందు పడేశారు. పూలు తీసేయమన్నారు. మా తోడికోడలు పూలయితే తీసింది గానీ, మేకప్ మనిషి బొట్టు చెరపబోతే నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "మా ఆయన ఇంట్లో నిక్షేపంలా ఉన్నాడు బాబూ, బొట్టు జోలికి రాకు" అంది. కీడెంచి మేలెంచమంటారు పెద్దలు. మేం మేలు మాత్రమే ఎంచి, పూలు పెట్టుకుని మరీ చావు సీనుకు వచ్చాం. ఆ క్షణానే వెనక్కి వెళ్ళిపోదామనిపించింది నాకు, కానీ వ్యాను వాళ్ళది.

"ఈ ఊరి ఆడవాళ్ళనే కూర్చోబెట్టుకోవచ్చుగా, మమ్మల్ని ఇంత దూరం ఎందుకు తెచ్చారు?" అని మేనేజరును అడిగాను.

"అడిగామండీ. రామన్నారు."

ఎందుకు రామన్నారో కాసేపటికి మాకే తెలిసింది. షూటింగు చుట్టూ కట్టిన తాడు కిందుగా దూరి ఒక అమ్మాయి మేనేజరు దగ్గరకు వచ్చింది. చిన్నపిల్ల. చంటిపిల్లాణ్ణి ఇంట్లో నిద్రపుచ్చి వచ్చిందట, మాటిమాటికీ వెనక్కి ఊరి వైపు చూస్తోంది.

"సారూ, మీ ఏడుపు ఊళ్ళో తీసుకోండి, మా వాకిట్లో తీసుకోండి, ఎవరూ ఏమీ అనరు. సముద్రానికి ఎదురుగా మాత్రం ఆడోళ్ళని కూకోబెట్టమాకండి. మా పడవ ఇంకా రాలేదు."

ఆ అమ్మాయి చెప్పింది ఇదీ. ఏరు సముద్రంలో కలిసే చోటును వాళ్ళు మొగ అంటారు. అక్కడ ఇసుక మేట వేసింది. పోటు మీద సముద్రం పొంగినప్పుడే పడవలు ఆ మేట దాటి లోపలికి రాగలవు. పోటు తగ్గి నీళ్ళు తీసేశాక వస్తే మేట మీద కెరటాలు విరిగి పడవను తిరగేస్తాయి. మిగతా పడవలన్నీ పొద్దుటి పోటుకు వచ్చేశాయి. వీళ్ళ పడవ ఒక్కటే వెనకబడింది. అందులో ఆ అమ్మాయి భర్త, మామగారు, ఇంకో ఇద్దరు ఉన్నారు. సాయంత్రం పోటు వచ్చేదాకా వాళ్ళు బయటే లంగరు వేసుకుని ఉండాలి.

"ఆడనుంచి ఒడ్డు కనబడతానే ఉంటది సారూ. చేపలకి మేం ఏటి పక్కకి పోతాం గానీ ఈ ఇసకలో ఎప్పుడూ కూకోం. ఈడ ఆడోళ్ళు గుంపుగా కూకుని ఏడిత్తే మా ఊళ్ళో ఒకటే లెక్క, ఇంట్లో ఎవురో పోయారని. వాళ్ళు చూసి ఏమనుకుంటారు?"

మేనేజరు ఓపిగ్గా విన్నాడు. విని, "శకునాలు మేమూ పాటిస్తామమ్మా" అన్నాడు. కుర్రాణ్ణి పంపి బూడిద గుమ్మడికాయ తెప్పించి, దాని మీద కర్పూరం వెలిగించి, సముద్రానికి మూడుసార్లు దిష్టి తిప్పి పగలగొట్టించాడు. ఆ అమ్మాయి చేతిలో కొబ్బరికాయ పెట్టి గంగమ్మకు కొట్టుకోమన్నాడు. ఊరి పెద్దలు ఒప్పుకున్నారని కూడా చెప్పాడు. పాపం, ఆ అమ్మాయి శకునం ఊసే ఎత్తలేదు. పడవలోవాళ్ళ కళ్ళకు కనబడేదాని గురించి చెప్పింది. కొబ్బరికాయ పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

నాకు ఒళ్ళు మండింది. "ఆ పడవ వచ్చాకే తీసుకోవచ్చుగదండీ, కొంపలేం మునుగుతాయి?" అన్నాను.

"లైట్ పోద్దండీ" అన్నాడు. నోరు జారి అన్న 'కొంపలు మునగడం' నాకే వినడానికి బాగాలేదు.

ఈలోగా ఆ అమ్మాయి అత్తగారు వచ్చింది. అరవై ఏళ్ళుంటాయేమో, చిలకపచ్చ చీర, రూపాయి కాసంత బొట్టు, ఎడం లేకుండా మాటలు. మా తోడికోడలికి సరిజోడు. ఆ సీరియల్ ఒక్క రోజు కూడా వదల్లేదట. "షూటింగోళ్ళు మనూరు రావటమే గొప్పయితే నీ గోలేందే? మీ మావ నలభై ఏళ్ళ నుంచీ మొగ దాటతన్నాడు, ఎప్పుడు రావాలో ఆయనకి నువ్వు చెప్పాలా? ఇంటికెళ్ళు, పిల్లోడు లేత్తాడు" అని కోడల్ని కసిరింది. కోడలు వెళ్ళలేదు. తాడు అవతల నిలబడి ఫోను చెవి దగ్గర పెట్టుకుంది. వేటకు వెళ్ళినప్పుడు ఫోన్లు ప్లాస్టిక్ కవర్లో చుట్టి డబ్బాలో పెట్టేస్తారట. ఎన్నిసార్లు చేసినా స్విచాఫ్ అనే వస్తోంది.

మమ్మల్ని ఇసుకలో సముద్రం వైపు తిప్పి కూర్చోబెట్టారు. కెమెరా నీళ్ళ అంచున పెట్టారు. డ్రోను ఒకటి నెత్తి మీద తిరుగుతోంది. కళ్ళలో గ్లిసరిన్ వేశారు. డైరెక్టరు మైకులో "ఏడవండి" అన్నాడు. మేం ఏడ్చాం. ఆయనకు నచ్చలేదు. మళ్ళీ ఏడ్చాం. మళ్ళీ నచ్చలేదు. ఇళ్ళలో రోజూ ఏడ్చేవాళ్ళం, అడిగితే మాత్రం ఏడవలేకపోయాం.

తాడు అవతల నుంచి అత్తగారు నవ్వింది. "అదేం ఏడుపు వదినా, పిల్లి కూసినట్టు! నేల కొట్టాలి. పేరు పెట్టి పిలవాలి" అని నాతోనే అంది. వరస కలిపేసింది అప్పుడే. అని ఊరుకోలేదు, తాడు దాటి వచ్చి నా పక్కన కూలబడి, ఒక్క శోకం తీసింది.

"నడిసంద్రాన నా ఇల్లు ముంచావా, నాతో చెప్పకుండానే పోయావా..."

ఆ గొంతు ఆవిడకు ఎక్కడి నుంచి వచ్చిందో! యూనిట్ అంతా చేతిలో పని వదిలేసి విన్నారు. డైరెక్టరు పరుగెత్తుకొచ్చి ఆవిడను అందరికంటే ముందు కూర్చోబెట్టాడు. నేతచీర కట్టుకోమంటే ఒప్పుకోలేదు. "నా మొగుడు బతికుండగా నేనెందుకు కడతాను ఆ చీర?" అని పచ్చచీరలోనే కూర్చుంది. అదీ బాగుందన్నాడు డైరెక్టరు.

ఇక ఆవిడ ఎత్తుకుంటే మేమంతా అందుకున్నాం. నాకు ఆ తర్వాత గ్లిసరిన్ అక్కర్లేకపోయింది. పోయిన మా అమ్మ గుర్తొచ్చింది, నాన్న గుర్తొచ్చాడు. షాటు అయిపోగానే ఆవిడ ముక్కు చీదుకుని, హీరోయిన్ పక్కన నిలబడి సెల్ఫీ దిగి, "ఎట్టా ఉంది వదినా?" అని నన్ను మోచేత్తో పొడిచేది. నవ్వేదాన్ని. మనసులో మాత్రం ఇది మంచిది కాదు, మంచిది కాదు అనుకుంటూనే ఉన్నాను.

భోజనాల తర్వాత సముద్రం మీంచి పైరగాలి గట్టిగా లేచింది. సముద్రం బురద రంగుకు తిరిగింది. మొగ దగ్గర కెరటాలు తెల్లగా విరుగుతున్నాయి. మళ్ళీ కూర్చోబెట్టారు. సగం షాటులో డ్రోను నడిపే అతను "సార్, బోటు!" అన్నాడు.

కెరటాల అవతల చిన్నగా కనిపించింది. మొదట అది కదలకుండానే ఉంది. లంగరు వేసుకునే ఉన్నట్టుంది.

"డ్రోను ఫ్రేములోకి వస్తోంది, బ్రహ్మాండం! ఎవరూ కదలొద్దు! ఏడవండి, ఇంకా గట్టిగా!" అని మైకులో కేక.

అత్తగారు కళ్ళు మూసుకుని, తల వంచి, రెండు చేతులతో నేల కొడుతోంది. ఆవిడ పడవను చూడలేదు. ఆవిడ వెనక ఉన్న మేమంతా చూశాం. పడవ ముక్కు మా వైపు తిరగడం కూడా చూశాం. మా తోడికోడలు ఏడుపు ఆపేసి నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది.

కోడలు కొబ్బరికాయ పారేసి తాడు తెంచుకుని పరుగెత్తింది. నీళ్ళ అంచున నిలబడి, పైట చేతికి తీసుకుని ఊపుతూ, "ఆగండి, రామాకండి" అని అరిచింది. గాలి మా వైపు వీస్తోంది. ఆ అరుపు మాకు వినిపించిందిగాని అటు వెళ్ళలేదు. "ఎవరండీ ఆ అమ్మాయి, పక్కకు తీసుకెళ్ళండి" అంటున్నాడు డైరెక్టరు. నేను లేచి నిలబడి ఆపమని గట్టిగా అరిచాను. నాతోపాటు ఇంకొంతమంది లేచారు. అప్పటికి పడవ మొగలోకి వచ్చేసింది.

మేట తగిలినట్టుంది, పడవ ఒక్కసారి ఆగింది. వెనక నుంచి వచ్చిన కెరటం దాన్ని అడ్డంగా తిప్పింది. తర్వాతది బోర్లించింది. చప్పుడేమీ రాలేదు. పాలెం మగవాళ్ళు మమ్మల్ని తోసుకుంటూ నీళ్ళలోకి దూకారు.

కొడుకు ముందు బయటపడ్డాడు. మోకాలి లోతు నీళ్ళలో పడుతూ లేస్తూ వచ్చి పెళ్ళాం భుజాలు పట్టుకున్నాడు.

"పిల్లోడేడే?"

"ఇంట్లో ఉన్నాడు. నిద్దరపోతన్నాడు."

"అబద్ధం చెప్పమాక. మరి అమ్మెందుకు అట్టా కొట్టుకుంటంది? పచ్చచీర చూసి అమ్మేనని నాన్నే ముందు గుర్తుపట్టాడు. నేను ఆగుదామన్నా. ఇంతలో నువ్వు రమ్మని పైట ఊపావు."

ఆ అమ్మాయి కెమెరా వైపు చెయ్యి చూపించింది. అతను కెమెరాను చూశాడు, గొడుగుల్ని చూశాడు, ఒకే రంగు చీరల్లో నిలబడిన మమ్మల్ని చూశాడు. అప్పుడు వెనక్కి తిరిగి సముద్రం వైపు చూశాడు. బోర్లాపడిన పడవను పట్టుకుని ఇద్దరు వేలాడుతున్నారు. మూడో మనిషి లేడు.

ఆ తర్వాత చాలాసేపు వెతికారు. యూనిట్ వాళ్ళు కూడా డ్రోను ఎగరేసి వెతికారు, ఆ మాట చెప్పుకోవాలి. మేనేజరు తలపట్టుకుని ఇసుకలో కూర్చున్నాడు. వాళ్ళు ఆగాల్సిన పోటు పొద్దువాలే వేళకు వచ్చింది. మొగ నిండింది. ఆ నీళ్ళే ఆ అమ్మాయి మామగారిని ఒడ్డుకు తెచ్చాయి.

పాలెం ఆడవాళ్ళంతా వచ్చి సముద్రానికి ఎదురుగా, మేం కూర్చున్న చోటే కూర్చున్నారు. అందరూ ఒక్కసారిగా ఎత్తుకున్నారు. ఎవరూ నేర్పలేదు, ఎవరూ ఆపమనలేదు. మా వ్యాను హారను కొడుతోంది. మా తోడికోడలు వెక్కుతూ నన్ను రమ్మని లాగుతోంది. నేను కదల్లేకపోయాను, అత్తగారు నా చెయ్యి పట్టుకుని ఉంది.

ఏడవనిది ఆవిడ ఒక్కతే. మొగుడి మొహం మీది ఇసుక పచ్చచీర కొంగుతో తుడుస్తోంది. పక్కనున్న ముసలావిడ ఆవిడ వీపు మీద చరుస్తూ, "ఏడువే, గుండె పగిలిపోద్ది, ఏడువు" అంటోంది. ఆవిడ ఆ ముసలావిడ వైపు చూడలేదు. నా వైపు తిరిగింది.

"ఇందాకే ఏడిచేశాను గదా వదినా" అంది. "ఆయన చూత్తా ఉండగానే."