దుబాయ్ గడియారం, మిల్లు సైరన్

ఎనభైల చివర మా అట్టల మిల్లులో కొత్త డ్రైవు పెట్టాక ఊరంతా టైము కంటే ముందు నడిచింది. కాగజ్‌నగర్‌కు ఇవతల చిన్న మిల్లు మాది. అందులో ఎలక్ట్రికల్ సూపర్‌వైజర్‌ను నేను. పెద్ద మోటారు వేగాన్ని కావలసినంత పెంచి తగ్గించే ఆ డ్రైవును చూసి మేనేజర్ మురిసిపోయేవాడు.

గేటు దగ్గర కరెంటుతో నడిచే అంకెల గడియారం ఉండేది. దాన్ని చూసి సైరన్ మోగించేవారు. సైరన్ విని ఊరివాళ్లు తమ గడియారాలు సరిచేసుకునేవారు. ఇక అనుమానం ఎవరికొస్తుంది? దొరికిపోయింది ఒక్కడే, పక్క పల్లె నుంచి సైకిల్ మీద వచ్చే కార్మికుడు. ఇంకా పర్మినెంటు కాలేదు. వాళ్లన్న దుబాయ్ నుంచి పంపిన చేతి గడియారాన్ని నమ్ముకుని వచ్చేవాడు. వారం మొదట్లో వేళకే వచ్చే మనిషి శుక్ర, శనివారాల్లో లేటు. ఇంకోసారి లేటైతే పర్మినెంటు మాట మరిచిపొమ్మని మేనేజర్ చెప్పేశాడు.

"దుబాయ్‌ది డూప్లికేట్ మాలు, ఇసిరేయరాదు!" అని గేటు జవాను ఎగతాళి చేశాడు.

"ఇది తప్పు జూపియ్యది సార్. మా అన్న పంపిండు," అని అతను నాతో అన్నాడు. జవాను ఎగతాళికి నాకు ఒళ్లు మండింది.

ఆదివారం మిల్లు బంద్. గేటు దగ్గరికి వెళ్లి చూస్తే జవాను రేడియో వార్తలు వింటూ, బటన్ నొక్కి గడియారాన్ని వెనక్కి జరుపుతున్నాడు.

"ప్రతి ఆదివారం జరుపుత సార్. గడియారమన్నంక జర ఉర్కుతది గద! గింతదానికి ఫికరెందుకు?"

అప్పుడు వెలిగింది నాకు. ఆ గడియారం కరెంటు అలలను లెక్కపెట్టి టైము చూపిస్తుంది. డ్రైవు కరెంటును ముక్కలుగా కోసి వాడుకుంటుంది కనుక అసలు అల మీద పిల్ల అలలు లేస్తాయి. హార్మోనిక్స్ అంటారు వాటిని. గడియారం వాటిలో కొన్నిటిని కూడా లెక్కేసుకుని రోజూ కాస్త ముందుకు పోతోంది, వారం చివరికి ఆ తేడా లేటు పడేంత అవుతోంది. మర్నాడు దుబాయ్ గడియారాన్ని దాని పక్కనే పెట్టించాను. సాయంత్రానికి గేటు గడియారం ముందుకు పోయింది. మేనేజర్‌ను పిలిచి చూపించాను.

"అయితే కీ ఇచ్చే గడియారం పెట్టు, అయిపోతది," అన్నాడాయన.

"రోగం గడియారానిది కాదు సార్. ఆ పిల్ల అలలకే కెపాసిటర్లు కాలుతున్నయి, మోటార్లు వేడెక్కుతున్నయి. వాటిని ఆపే ఫిల్టర్ పెట్టాలె."

"మల్ల జూద్దాం."

నేను వదల్లేదు. కాలిన ప్రతి కెపాసిటర్‌నూ మోసుకెళ్లి ఆయన టేబుల్ మీద పెట్టాను. చాయ్ కప్పుకు చోటు లేకుండా పోయాక ఒప్పుకున్నాడు. తీగచుట్టలు, కొత్త కెపాసిటర్లు జతచేసి ఫిల్టర్ బిగించాం. పిల్ల అలలు అణిగాయి, గడియారం దారికొచ్చింది. పాత లేటు మార్కులు కొట్టేయించాను. అతను పర్మినెంటు అయ్యాడు.

కొన్నాళ్లకు సైకిల్ పంక్చరై అతను నిజంగానే ఆలస్యంగా వచ్చాడు. జవాను నవ్వుతూ లోపలికి పొమ్మన్నాడు. అతను కదల్లేదు.

"లేటని రాయన్నా. ఇప్పుడు గడియారం నిజమే చెప్తున్నది. ఇయ్యాల రాయకుంటే, అప్పుడు గూడ నేను అబద్ధమే ఆడిన అనుకుంటరు."

జవాను నా వైపు చూశాడు. రాయమని నేనే పెన్ను అందించాను.