తలంబ్రాల టేపు

మొన్న మా చెల్లెలి కూతురు నా పక్కనే కూర్చుని, ఫోన్లో జాగా చాలడం లేదంటూ ఎవరిదో పెళ్లి వీడియోలు బొటనవేలితో ఒక్కొక్కటీ చెరిపేస్తుంటే నా గుండె గుభేలుమంది. ఆగవే తల్లీ అని దాని చెయ్యి పట్టేసుకున్నాను. అవన్నీ ఇంకోచోట దాచే ఉన్నాయి పెద్దమ్మా, ఎందుకంత కంగారు అని నవ్వింది. అది నవ్వగలదు. క్యాసెట్ల కాలంలో బతికిన మన ఈడు వాళ్లం అలా నవ్వగలమా?

కొత్తపేటలో మాకొక వీడియో షాపు ఉండేది. మా ఆయన కెమెరా పట్టుకుని పెళ్లిళ్లకు వెళ్లేవారు, నేను షాపులో కంప్యూటర్ ముందు కూర్చుని ఆ ముక్కల్ని పేర్చి మిక్సింగ్ చేసేదాన్ని. అసలే పిరికిదాన్ని, ఆ పని నన్ను ఇంకా పిరికిదాన్ని చేసింది. మనవైపు కరెంటు సంగతి చెప్పాలా, ఎప్పుడు పోతుందో ఎప్పుడొస్తుందో దేవుడికే ఎరుక, అందుకని రెండు నిమిషాలకోసారి సేవ్ నొక్కకపోతే నాకు ఊపిరాడేది కాదు. సాఫ్ట్‌వేర్ ఒక డిస్కులో, టేపుల నుంచి ఎక్కించిన వీడియో వేరే డిస్కులో పెట్టుకునేదాన్ని. ఎన్ని జాగ్రత్తలు పడ్డా ముహూర్తాల రోజుల్లో కొత్త టేపులు దొరక్క, కంప్యూటర్లోకి ఎక్కించేసిన టేపునే మొదటికి తిప్పి మళ్లీ పెళ్లికి పట్టుకుపోయేవారు మా ఆయన. వద్దండీ అంటే, అందరూ చేసేదే కదా అనేవారు. నిజమే, అందరూ చేసేదే.

ఒక ఏడు ఒక పెళ్లి తీశాం. పెళ్లికూతురి తల్లి కువైట్‌లో ఒకరింట్లో పనిచేసేది, ఆ ఇంటివాళ్లు సెలవివ్వక కూతురి పెళ్లికి రాలేకపోయింది. పిల్ల మేనమామ కూడా అక్కడే పని, ఆయన మాత్రం వచ్చి పెళ్లి జరిపించాడు. పెళ్లయిన పది రోజులకు ఆయన తిరుగు ప్రయాణం, పెళ్లి సీడీలు ఆయన చేతికే ఇవ్వాలి. ఆ తల్లి కూతురి పెళ్లి చూడటానికి అంతకంటే దారి లేదు.

మిక్సింగ్ అంతా అయిపోయి సీడీలు చేయడమే మిగిలింది, ఆయన ప్రయాణానికి ముందురోజు ఉదయం కరెంటు మూడుసార్లు వచ్చిపోయింది. కంప్యూటర్ మళ్లీ వేస్తే లోపల్నుంచి టక్కు టక్కుమని చప్పుడు. ప్రాజెక్టు తెరుచుకుంది కానీ, నేను పేర్చిన ముక్కలన్నీ ఎర్రగా ఖాళీగా ఉన్నాయి. విస్తళ్లు వేసి ఉన్నాయి, వడ్డన లేదు. వీడియో ఉన్న డిస్కు పోయిందని అప్పుడర్థమై నా పైప్రాణాలు పైనే పోయాయి. వైరు ఊడదీసి మళ్లీ గుచ్చాను, అదే చప్పుడు. అలా కొట్టుకునే డిస్కును పదే పదే ఆన్ చేస్తే ఉన్నదీ పోతుందని తెలుసు కాబట్టి ఆపేశాను. ఇక మిగిలింది టేపులు. అవి మా ఆయన సంచిలో, ఆ సంచి వాడపల్లిలో ఇంకో పెళ్లిలో! ఫోన్ చేస్తే ఎత్తరు, మేళంలో ఏం వినిపిస్తుంది?

సరిగ్గా అప్పుడే మేనమామ వచ్చాడు. “అయిపోయిందాండమ్మా? మా అక్క రోజూ ఫోనేనండి, పెళ్లెప్పుడు చూపిత్తావురా అని.” దాచడానికి నాకు నోరు రాలేదు, ఉన్నది ఉన్నట్టు చెప్పేశాను. ఆయన తిట్టలేదు. “ఆయ్, పదండమ్మా” అని ఆటో పిలిచాడు. వాడపల్లి చేరేదాకా మా ఆయనకు ఫోన్ చేస్తూనే ఉన్నాను.

పందిట్లో సంచి వెతికితే రెండు టేపులు దొరికాయి. మూడోదాని డబ్బా ఖాళీ. తలంబ్రాలతో మొదలై అప్పగింతలతో ముగిసే ఆ టేపు కెమెరాలో తిరుగుతోంది, పాత పెళ్లి మీద ఈ పెళ్లి ఎక్కుతోంది. ఎదురుగా ఇంకో ఆడపిల్ల తలవంచుకుని తాళి కోసం కూర్చుని ఉంది. ఆపండి అంటే ఈ పిల్లకి అన్యాయం, ఊరుకుంటే కువైట్‌లో ఉన్న ఆ తల్లికి. అంత భయం నా జన్మలో ఎరగను. కెమెరా మీద ఆ ఎర్ర దీపాన్ని చూస్తూ, మూడు ముళ్లూ పడేదాకా నోరు నొక్కుకుని నిలబడ్డాను. పడగానే మా ఆయన చెవిలో చెప్పాను, ఆయన వెంటనే టేపు మార్చేశారు.

అప్పగింతలు మిగిలాయి. తలంబ్రాలు పోయాయి. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు ఆ రాత్రే ఇంకో డిస్కులోకి అన్నీ ఎక్కించి, ఖాళీ పడ్డచోట గులాబీ రేకులు రాలే ఎఫెక్టు వేసి సీడీలు ఇచ్చాను. “మా అక్కతో చెప్పనండమ్మా, బాధపడద్ది” అని తీసుకెళ్లాడు ఆ మేనమామ.

కొన్నేళ్లకు ఒక ఆవిడ మా షాపు వెతుక్కుంటూ వచ్చింది. కువైట్ నుంచి వచ్చేశానంది. కొంగు నలుపుకుంటూ కూర్చుని, “మా పిల్లకి తలంబ్రాలు పోయించేరాండీ? నేను లేనని మానేసేరేమోనండి. పిల్లేమో పోసుకున్నామే అంటది, నా బాధ చూళ్లేక అంటందనుకున్నానండి” అంది. నాకు ఏడుపు ఆగలేదు. ఇన్నేళ్లూ ఆ సంగతి లోపల పెట్టుకుని కుమిలిపోయిందా తల్లి!

టేపు లేదు. కానీ మిక్సింగ్‌లో ఆ ముక్కను ముందుకీ వెనక్కీ తిప్పి తిప్పి చూసినదాన్ని కదా, అదే చెప్పాను. పిల్ల మునివేళ్ల మీద లేచి పళ్లెం మొత్తం పెళ్లికొడుకు నెత్తిన బోర్లించిందని, అతను తల విదిలిస్తే పురోహితుడి ఒళ్లో పడ్డాయని, పిల్ల తమ్ముడు వెనక నుంచి ఇంకో దోసెడు అందించాడని, పిల్ల నవ్వాపుకోలేక నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటే ఆ చేతి పసుపు బుగ్గకు అంటుకుందని. ఆవిడ కళ్లు మూసుకుని విని, కొడుకు మాట వచ్చిన దగ్గర నవ్వి, “మళ్లీ మొదట్నుంచి చెప్పండమ్మా” అంది. మళ్లీ చెప్పాను.

ఇప్పుడు కువైట్‌లో ఉన్నవాళ్లు కూడా తాళి కడుతుండగానే ఫోన్లో చూస్తున్నారు, మా షాపులో బట్టల కొట్టు నడుస్తోంది. చెరిగిపోతుందన్న భయం ఎవరికీ లేదు, చాలా మంచిదే. అయినా ఎవరైనా నా పక్కన కూర్చుని, ఫలానావాళ్ల పెళ్లి ఎలా జరిగిందో నోటితో చెప్పండమ్మా అని అడిగి ఎన్నేళ్లయిందో.